దయమ్మత్త జుట్టు

కంప్యూటర్లో మనిషిని తయారుచెయ్యడం పెద్ద కష్టమేం కాదు. కళ్లు, ముక్కు, చేతులు అన్నీ ఎవరో ఒకరు చేసేస్తారు. జుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ వేరే పని గుర్తొస్తుంది. చివరికి ఆ బొమ్మ బోడితలతో నా టేబుల్ దగ్గరికి వచ్చి కూచుంటుంది. కలకత్తా సెక్టర్ ఫైవ్‌లో మా స్టూడియోలో జుట్టు చేసేదాన్ని నేనొక్కదాన్నే. నా పేరు దెబోరా. ఆఫీసులో మాత్రం అందరూ "చుల్ దిది" అంటారు. బెంగాలీలో చుల్ అంటే జుట్టు. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది.

ఎలా చేస్తారే అని చర్చిలో ఆడవాళ్లు అడిగితే ఓపిగ్గా చెప్పేదాన్ని. ముందు బొమ్మ నెత్తి మీద నలుపు తెలుపుల్లో ఒక పటం వెయ్యాలి. తెల్లరంగు పూసినచోట వెంట్రుక మొలుస్తుంది, నల్లరంగు పూసినచోట మొలవదు. తర్వాత మూడు నాలుగొందల వెంట్రుకలు చేత్తో నాటి, ఒక్కొక్కటీ ఎటు వంగాలో అటు దువ్వాలి. వాటిని గైడ్లంటాం. ఆ గైడ్లని చూసుకుని మిగతా లక్ష వెంట్రుకలూ కంప్యూటరే మొలిపిస్తుంది.

"లచ్చే! నా నెత్తి మీద ఓ నాలుగొందలు నాటీయే, పున్నెముంటాది" అనేది రోజమ్మగారు. అందరం నవ్వుకునేవాళ్లం.

ఆ పని నాకు ఏ ఇన్‌స్టిట్యూట్లోనూ రాలేదు. సర్టిఫికెట్ ఇచ్చారు కాబట్టి వాళ్లే నేర్పారని చెప్పుకుంటాను గానీ, నా చేతులు నేర్చుకున్నది దయమ్మత్త తల మీద.

దయమ్మత్త మా నాన్న అక్క. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. నాన్న సాల్మన్ రాజు లిలువా వర్క్‌షాపులో ఫిట్టరు. రోజంతా రైలుపెట్టెల కింద పడుకుని బోల్టులు బిగించి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకునే మనిషి. టెక్కలి వైపు నుంచి తాతల కాలంలో హౌరా జూట్ మిల్లులో కూలికి వచ్చిన కుటుంబం మాది. అత్త కూడా తనకి ఇరవై రెండేళ్లు వచ్చేవరకు ఆ మిల్లులోనే చేసింది. డెబ్బై ఎనిమిదిలో ఒకరోజు, నార లాగే రోలర్లలోకి ఆవిడ జడ వెళ్లిపోయింది. యంత్రం ఆపేలోపు జడతో పాటు తలమీది చర్మం కూడా ఊడి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆవిడకి పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు.

కుడిచెవి పైనుంచి నడినెత్తి దాకా అక్కడ ఒక్క వెంట్రుక లేదు. నున్నగా, గులాబిరంగులో, అంచుల దగ్గర ముడతలు పడి ఉంటుంది. ఎడమవైపు జుట్టు మాత్రం నడుము దాకా వస్తుంది, ఇప్పటికీ ఒత్తుగానే ఉంటుంది. ఆ జుట్టుని కుడివైపుకి తిప్పి, నున్నటిచోటంతా కప్పి, చెవి వెనక పిన్నులు పెట్టి ముడి వెయ్యాలి. దానిపైన ముసుగు. మా సంఘంలో ఆడవాళ్లు ప్రార్థనప్పుడు ముసుగు వేసుకుంటారు, అయిపోగానే తీసేస్తారు. అత్త లేచింది మొదలు పడుకునేదాకా తియ్యదు. పక్కింటి బెంగాలీలు ఆవిడది గొప్ప భక్తి అనుకుంటారు. మావాళ్లకి మిల్లులో ప్రమాదం జరిగిందని తెలుసు గానీ ముసుగు కింద ఏముందో తెలియదు. నాన్న కూడా చూసి ముప్పై ఏళ్లయింది. చూసేది నేనొక్కదాన్నే.

శనివారం సాయంత్రం అత్త తలుపు గడియ పెట్టి, నాకు వీపు పెట్టి పీట మీద కూచునేది. మర్నాడు ఆరాధనకి తల సిద్ధం కావాలి. నాకు పదేళ్లు వచ్చినప్పుడు మొదటిసారి దువ్వెన నా చేతికిచ్చింది. అంతకుముందు చిన్న అద్దం పెట్టుకుని తనే తంటాలు పడేదట. అప్పట్నుంచి పద్నాలుగేళ్లు ఒక్క శనివారం తప్పలేదు. ఏ పాయ ఎటు లాగితే ఎటు జారుతుందో, ఏది మొండిదో, నూనె ఎక్కువైతే నున్నటిచోటు ఎక్కడ బయటపడుతుందో నా వేళ్లకి కంఠతా వచ్చేసింది. దువ్వుతున్నంతసేపూ ఆవిడ సంఘం పాటల పుస్తకం నా ముందు పెట్టి చదవమనేది. తెలుగు అక్షరాలు నాకు అలా వచ్చాయి.

ఇక నేను చేసిన పని చెబుతాను.

ఆ ఏడు వేసవిలో మా స్టూడియోకి ఒక విదేశీ పిల్లల సీరియల్ వచ్చింది. అందులో బురదగుంట పక్కన ఉండే ముసలిది ఒకత్తి ఉంటుంది. పిల్లల బూట్లు ఎత్తుకుపోతుంది, తలకి ఎప్పుడూ గుడ్డ కట్టుకుని తిరుగుతుంది. గుడ్డ కింద సగం జుట్టు ఊడిపోయిన తల. మూడుసార్లు చేసి పంపితే మూడుసార్లూ వెనక్కి వచ్చింది. విగ్గు పెట్టినట్టుందన్నారు. మా టీముకి పెద్ద పార్థోదా మంచివాడే గానీ, వెనక్కి వచ్చిన పనిని చూస్తే ఆయనకి మంచితనం ఉండదు.

"జుట్టు ఊడిన ఆడమనిషి తల నువ్వు నిజంగా ఎప్పుడైనా చూశావా? చూడకుండా చేస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు బెంగాలీలో, అందరి ముందూ.

చూశావా అని నన్నడిగాడు! నాకు రోషం ఎక్కువ. ఎవరైనా నాకు పని రాదంటే ఆ క్షణంలో తలకాయ పనిచెయ్యదు. "వచ్చే వారంలో చూపిస్తాను దాదా" అన్నాను.

ఆ శనివారం బంద్. లోకల్ రైళ్లు లేవు, నది దాటే లాంచీలు లేవు, నేను ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం అత్త పీట వేసుకుని కూచుంది. ముడి విప్పి, నూనె రాసి, జుట్టంతా ఎడమవైపుకి వదిలాను. ఒక చేత్తో దువ్వుతూ ఇంకో చేత్తో ఫోన్ తీశాను. కుడివైపు నుంచి, వెనకనుంచి, పైనుంచి మొత్తం పదకొండు ఫోటోలు. రెండోదానికే టిక్కుమని చప్పుడైంది.

"ఏటే ఆ సప్పుడు?"

"మెసేజీలత్తా. ఆఫీసోల్లు పెడతన్నారు."

"బందు దినం కూడా ఒగ్గరేటే నిన్ను? పాపిస్టోల్లు" అని నా మీద జాలిపడింది.

అడిగితే ఒప్పుకోదని నాకు తెలుసు. అందుకే అడగలేదు. తొందరలో మర్చిపోయానని, అంతగా ఆలోచించలేదని తర్వాత నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను. అవన్నీ అబద్ధాలు.

సోమవారం పటం వెయ్యడం మొదలుపెట్టాను. కుడిచెవి పైనుంచి నడినెత్తి దాకా నల్లరంగు, అంచు వెంట బూడిదరంగు. ఫోటోలు పక్కన పెట్టుకున్నానే గానీ ఎక్కువ చూడలేదు, చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. ఎడమవైపు గైడ్లు నాటి కుడివైపుకి తిప్పాను. చెవి వెనక ఎప్పుడూ మాట వినని ఒక పాయ ఉంటుంది, దాన్ని కూడా వదల్లేదు. మచ్చ అంచున ముడతలు కూడా వేశాను. ముసలిదానికి ప్రాణం వచ్చేసింది. పంపిన మర్నాటికే జవాబు వచ్చింది, ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా. పార్థోదా ఆఫీసంతటికీ మిఠాయిలు తెప్పించాడు. నేను రెండు సందేశ్‌లు కాగితంలో చుట్టుకుని అత్తకి పట్టుకెళ్లాను. ఎందుకే ఇయ్యి అంటే పని బాగా కుదిరిందన్నాను. ఆవిడ నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ తింది.

పది రోజుల తర్వాత కథ తాలూకు బొమ్మలు వచ్చాయి. రెండో భాగంలో పిల్లలు ఆ ముసలిదాని వెనక నక్కి, తలగుడ్డ లాగేస్తారు. నున్నటిచోట కప్ప ఒకటి వచ్చి కూచుంటుంది. ముసలిది రెండుచేతులా తల దాచుకుని పరిగెడుతుంది, పిల్లలు కింద పడి నవ్వుతారు. గుడ్డ లాగినప్పుడు జుట్టు ఎలా జారాలో చెయ్యవలసింది నేను.

ఆ రోజైనా ఆగిపోవచ్చు. ఆగలేదు. జుట్టు ఎలా జారుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లెవరు? పిన్నులు తియ్యగానే ముందు ముడి బరువుకి పాయలన్నీ ఒక్కసారి వెనక్కి వెళ్లి, అక్కడో క్షణం ఆగి, తర్వాత ఎడమభుజం మీదికి పడతాయి. ప్రతి శనివారం చూసేదే. అలాగే చేశాను.

పూర్తయ్యాక అందరం చీకటి గదిలో కూచుని చూశాం, పన్నెండుమందిమి. గుడ్డ లేచింది, జుట్టు జారింది, కప్ప కూచుంది. గదంతా గొల్లున నవ్వింది. పార్థోదా వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు, ఈసారి నెమ్మదిగా. ఇంకా ఎక్కువ నవ్వారు.

నేనూ నవ్వాను.

మర్యాదకి నవ్వానని చెప్పుకోవచ్చు, పదిమందిలో ఉన్నాను కదా అని సర్దుకోవచ్చు. అదేం కాదు. నవ్వొచ్చింది, నవ్వాను. పని అంత బాగా పండినందుకు గర్వంతో కూడా నవ్వాను. లాంచీలో హౌరా వైపు వస్తుంటే, ఎదురుగా ఎవరో ఆడమనిషి గాలికి ఎగిరిపోతున్న పైట తలమీదికి లాక్కుంది. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. లాంచీ దిగి చాలాసేపు జెట్టీ మీదే నిలబడిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పార్థోదాని అడిగాను. ఆ నున్నటిచోటు ఎడమవైపుకి మార్చేద్దామా, ఒక పూటలో చేసేస్తాను అన్నాను. "పిచ్చెక్కిందా? వాళ్లకి నచ్చింది, అయిపోయింది. అయినా ఎందుకు?" అన్నాడు. అది మా అత్త తల దాదా, అని ఒక్క మాట అంటే మార్చేవాడేమో. ఆయన కూడా తల్లి ఉన్నవాడే. నేను "ఏంలేదు, ఊరికే" అన్నాను. ఆ నెలలోనే నన్ను సీనియర్ని చేశారు. సీరియల్ చలికాలంలో మన టీవీల్లో కూడా వస్తుందని, హిందీలో మాట్లాడిస్తున్నారని చెప్పారు.

మా సంఘంలో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టెముక్కలున్న పళ్లెం, ద్రాక్షరసం చిన్నగ్లాసులు వరస వెంట చేతులు మారుతూ వస్తాయి. అది మొదలయ్యే ముందు పాస్టరు యేసురత్నంగారు ప్రతినెలా ఒక్కటే హెచ్చరిక చేస్తారు. ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే, ముందు వాళ్లతో సమాధానపడండి, ఆ తర్వాతే చెయ్యి చాపండి అంటారు. చిన్నప్పట్నుంచి వింటున్నదే. ఆ నెల మాత్రం ఆయన నా ఒక్కదానితోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది. పక్కనే అత్త కూచుని ఉంది, తెల్లచీర, తలనిండా ముసుగు. ఆ ముడి వేసింది ముందురోజు నేనే. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కకి అందించేశాను.

"ఏటయిందే?" అంది అత్త, బయటికొచ్చాక.

"కడుపులో నొప్పి."

రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. అరవై కుటుంబాల సంఘంలో బల్ల మానేసిన మనిషి దాగదు. మా వాళ్ల లెక్కలో పెళ్లికాని పిల్ల బల్ల మానేసిందంటే కారణం ఒక్కటే. దొంగతనం చేసుంటుందనో, అబద్ధం ఆడి ఉంటుందనో ఎవరూ అనుకోరు. మగవాడు ఉన్నాడనే అనుకుంటారు. ఆఫీసు కుర్రాడొకడు, వాడిదీ హౌరానే, ఒకరోజు లాంచీలో నా పక్కన నిలబడి ఝాల్‌ముడి, అదే కారం మరమరాల పొట్లం నా ముందుకి చాపాడు. నేను తీసుకున్నాను. అది రోజమ్మగారు చూసింది. ఇంకేం కావాలి!

పాస్టరుగారు ఇంటికొచ్చి, ఏదైనా ఉంటే చెప్పుకో తల్లీ, మోసుకు తిరగొద్దన్నారు. ఏంలేదండీ అన్నాను. నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. అత్త మాత్రం ఒక్క మాట అడగలేదు. నేను ఎవరినో ప్రేమించాననే అనుకోనియ్యి, అదే నయం, ఇది తెలియడం కంటే అని నేనూ నోరు మూసుకున్నాను. నా పాపానికి ఇంకో పాపం అడ్డంపెట్టుకుని బతికాను మూడు నెలలు.

దుర్గాపూజ సెలవులకి ఆఫీసు మూశారు. దశమి అయిన మూడో రోజు బుధవారం, వీధిలో పందిరి విప్పుతున్నారు, వెదుళ్లు కింద పడుతున్న చప్పుడు. సాయంత్రం ఆడవాళ్ల కూడికకి వెళ్లిన అత్త ఆరింటికి తిరిగొచ్చింది. మంచం మీద కూచుని ముసుగు సర్దుకుంటుంటే చూశాను. ముడి నేను వేసింది కాదు. ఒక పిన్ను చెవి దగ్గర వేలాడుతోంది.

"అదేటత్తా, ముడి అలగుందేటి?"

"నానే ఏసుకున్నాను. కూడికలో విప్పేసేను."

ఆవిడే చెప్పింది.

"ఆ రోజమ్మ లెగిసిందే. 'దయమ్మప్పా, మీ గుంట మూడు నెలలై బల్ల ముట్టటం నేదు, బెంగాలీ కుర్రోడితో లాంచీ మీద నా కల్లారా సూసేను, పెద్దదానివి నువ్వే కప్పెడతన్నావు' అన్నాది. అందరూ నా మొకమే సూత్తన్నారు. నాకు ఒల్లు మండిపోయింది. లెగిసి ముసుగు తీసీసేను. పిన్నులూ తీసీసేను. సూడండి అన్నాను. నన్ను కన్నతల్లి సూల్లేక మొకం తిప్పుకున్న తల ఇది. పదేల్ల గుంట అప్పట్నించి ఇప్పటిదాకా దువ్వుతన్నాది. ఒక్క దినం మొకం సిట్లించనేదు. బయట ఒక్క మనిసికి సెప్పనేదు. ఆ సేతులు తప్పుడు పని సేస్తాయేటి, అడగండి దాన్ని, అన్నాను."

"ఆల్లేటన్నారు?"

"ఏటంటారు. ఏడిసేరు. రోజమ్మయితే నా కాల్లట్టేసుకుంది." అత్త పిన్ను తీసి మంచం మీద పెట్టింది. మొహం వెలిగిపోతోంది. ఆవిడ మొహం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "ముప్పైయేల్లయింది గదే. ఇప్పేసినాక ఏటనిపించిందో తెలుసా? తల తేలిగ్గున్నాది. ఇన్నేల్లూ ఎందుకు దాసేనా అనిపించింది."

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆదివారం బల్ల తీసుకుంటే చాలు, నా మీద మాట పోతుంది, అత్త మాట నిలబడుతుంది, సీరియల్ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. అత్తకి టీవీ అలవాటు లేదు. ఇదంతా ఆ రెండు నిమిషాల్లో నేను లెక్క వేసుకున్నాను, సిగ్గులేకుండా. కానీ బయట ఒక్క మనిసికి సెప్పనేదు అన్న మాట మింగుడుపడలేదు.

చెప్పేశాను. బంద్ రోజు ఫోన్ చప్పుడు మెసేజీలు కావని, ఫోటోలని చెప్పాను. కంప్యూటర్ బొమ్మకి నీ తల పెట్టానని చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు.

"బొమ్మకి నా తల పెట్టటమేటే? సూపించు."

ఆఫీసులో ఆ భాగం సీడీ తలా ఒకటి ఇచ్చి ఉన్నారు. కంప్యూటర్లో పెట్టాను, కుర్చీ దగ్గరికి లాగాను. అత్త కళ్లజోడు తెచ్చుకుని కూచుంది. పిల్లలు వచ్చారు, ముసలిది వచ్చింది, తలగుడ్డ లేచింది. జుట్టు వెనక్కి వెళ్లి, ఆగి, ఎడమభుజం మీదికి పడింది. కప్ప కూచుంది. పిల్లల నవ్వులు వినిపించాయి. నేను ఆపెయ్యబోతే నా చెయ్యి పట్టుకుంది.

"మల్లీ ఎయ్యి."

మళ్లీ వేశాను. ముసలిది వీపు మనకి పెట్టి పరిగెత్తేచోట ఆపమంది. తెరకి దగ్గరగా వంగి, మచ్చ అంచు వెంట వేలు నడిపించింది.

"ఎనకనించి ఇలగుంటాదేటి నా తల?" అంది. "నాకు తెలీదు."

ఎలా తెలుస్తుంది? చేతిలో పట్టే అద్దంలో ముందువైపే కనిపిస్తుంది. ఫోటో తియ్యనిచ్చింది లేదు. యాభై మూడేళ్ల మనిషి తన తల వెనకవైపు మొదటిసారి చూసుకుంటోంది, కప్పని ఎక్కించుకుని పరిగెడుతున్న దొంగముసలిదాని మీద. చూపించింది నేను.

"ఈ ముడత కూడా ఏసేవు. సెవి ఎనకాల పాయ కూడా" అంది. మెచ్చుకుంటున్నట్టే అంది. అది ఇంకా భరించలేకపోయాను. "ఇది సూసి మీ ఆఫీసోల్లు నవ్వేరా?"

"నవ్వేరత్తా."

"నువ్వో?"

అబద్ధం చెప్పొచ్చు. ఆవిడ నమ్మేది.

"నవ్వేను."

అత్త కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. బయట పందిరివాళ్లు ఒకళ్లనొకళ్లు కేకేసుకుంటున్నారు.

"ఆ దినం మిల్లులో మూడొందలమంది సూసేరే" అంది చివరికి. కోపం లేదు గొంతులో, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "బీహారోల్లు, బెంగాలీలు, మనోల్లు. ముక్కూమొకం తెలీనోల్లు. నా జడ యంత్రంలో తిరుగుతన్నాది, నెత్తురు కారతన్నాది, ఒంటి మీద బట్ట కూడా సరిగ్గా నేదు. ఒక్కలూ నవ్వనేదు."

నేను ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. తప్పైపోయిందత్తా, క్షమించత్తా అన్నాను. ఆవిడ నన్ను తోసెయ్యలేదు. తలమీద చెయ్యి వెయ్యనూ లేదు.

"ఏడవకు. సెప్పేవు గదా. ఆదివారం బల్ల తీసుకో" అంది.

"నువ్వు నన్ను క్షమించేవా?"

"అది ఇప్పుడడక్కే" అని లేచి, అన్నం వండటానికి వెళ్లింది.

శనివారం సాయంత్రం తలుపు గడియ పడింది. నేను బయటే ఉన్నాను. దువ్వెన పట్టుకుని కాసేపు నిలబడ్డాను, పిలుస్తుందేమోనని. లోపల పిన్నులు నేలమీద పడటం, ఆవిడ వంగి ఏరుకోవడం వినిపించాయి. గంటసేపు పట్టింది ఆవిడకి. నేనైతే పావుగంటలో వేసేదాన్ని.

ఆదివారం చర్చిలో అత్త పక్కనే కూచున్నాను. ముడి ఒకవైపుకి వాలి ఉంది, ముసుగు కింద కూడా తెలుస్తోంది. రోజమ్మగారు వచ్చి నా బుగ్గలు పట్టుకుని, క్షమించు తల్లీ, పాపిష్టి నోరు నాది అంది. బుధవారం అక్కడున్న ఆడవాళ్లందరూ అత్తని కొత్తగా, గౌరవంగా చూస్తున్నారు. పాస్టరుగారు ఎప్పటిలాగే హెచ్చరిక చేశారు. పళ్లెం వచ్చింది. నేను తీసుకున్నాను. రెండు మూడు వరసల్లో నిట్టూర్పులు వినిపించాయి, ఒకావిడ స్తోత్రం అంది. పళ్లెం అత్తకి అందించాను.

అత్త దాన్ని రెండుచేతులా పట్టుకుంది. తర్వాత ఏమీ తీసుకోకుండా పక్కావిడకి ఇచ్చేసింది.

నలభై ఏళ్లలో ఆవిడ బల్ల మానడం అదే మొదటిసారి. మనసులో ఒకటి పెట్టుకుని చెయ్యి చాపే మనిషి కాదు. ముందువరసలో రోజమ్మగారి తల వెనక్కి తిరిగింది. ఆమె పక్కావిడ తల తిరిగింది. ఒక్కొక్కటిగా తలలన్నీ అత్త వైపు తిరిగాయి. నా మొహం తేటగా ఉంటే అత్త పళ్లెం వదిలేసింది, అంటే తప్పు ఎవరిది? మూడు నెలలు కప్పెట్టింది ఈవిడేనా? వాళ్లకి కొత్త కథ కట్టుకోవడానికి వారం చాలు.

పాటయ్యాక యేసురత్నంగారు సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండన్నారు. నేను లేచాను. "చెప్పమ్మా దెబోరా" అన్నారు ఆయన సంతోషంగా. అందరూ నా వైపు తిరిగారు, ఆడవాళ్లూ, మగవాళ్లూ, ముందు చాపల మీద కూచున్న పిల్లలూ.

తప్పు నాది, ఆవిడది కాదు. ఇంతే చెప్పాలి. ఇంత చెబితే ఏం తప్పని అడుగుతారు. అది చెప్పాలంటే సీరియల్ గురించి చెప్పాలి. చెప్పానంటే చలికాలంలో ప్రతి ఇంట్లోనూ టీవీ పెట్టుకుని కూచుంటారు, ఆ ముసలిది ఎప్పుడొస్తుందా అని. వచ్చినప్పుడు, చాపల మీదున్న ఈ పిల్లలు నవ్వకుండా ఉంటారా? నవ్వు వచ్చేలా చేశాను కదా. బాగా చేశాను.

నోరు తెరిచాను, మళ్లీ మూశాను. అత్త నా కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"కూకోయే" అంది, నా వైపు చూడకుండా.

కూచున్నాను.